రెహానా మేడం, వేలి సిరా ఫోటో

నిన్న మధ్యాహ్నం పంజాగుట్టలో ఒక నోటరీ ముందు కూర్చున్నాను, అద్దె ఒప్పందం కాగితాల కోసం. ఆయన రేకు డబ్బా మూత తీసి, ఎండిన స్టాంపు ప్యాడ్ మీద నాలుగు చుక్కలు కొత్త సిరా పోశారు. స్పిరిట్‌లా ఘాటుగా, అడుగున కాస్త తియ్యగా ఉండే ఆ వాసన తగలగానే సంతకం ఎక్కడ పెట్టాలో కూడా మర్చిపోయాను. "ఇక్కడండీ" అని ఆయన వేలితో చూపించాల్సి వచ్చింది. ఆ క్షణంలో నేను అమీర్‌పేటలో, ఒక జిరాక్సు దుకాణం ముందు, ప్లాస్టిక్ మగ్గు నీళ్లతో చేతులు కడుక్కుంటున్న ఇద్దరు మనుషుల్ని చూస్తున్నాను. వాళ్ల పక్కన కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ మనిషి రెహానా మేడం. ఇప్పటికీ నాకు ఉద్యోగం ఎలా చెయ్యాలో, మనిషితో ఎలా మాట్లాడాలో సందేహం వస్తే నేను మనసులో అడిగేది ఆవిడనే.

ఒంగోలులో ఇంజినీరింగ్ ముగించి నేను హైదరాబాద్ వచ్చేసరికి అమీర్‌పేటలో గోడ కనిపించేది కాదు, కోర్సుల బోర్డులే కనిపించేవి. ఊరంతా ఐటీ కంపెనీలు, ఆ కంపెనీల్లోకి వెళ్లాలనుకునే మేము, మమ్మల్ని తయారుచేస్తామనే సంస్థలు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో, అంటే ప్రోగ్రాముల్లో బగ్గులు, తప్పులు పట్టుకునే కోర్సులో చేరాను. మేడం అక్కడ ఆ పాఠం చెప్పేవారు. పుట్టిపెరిగింది పంజాగుట్ట వెనక సందుల్లోనే, చాలా ఏళ్లు కంపెనీలో పనిచేసి, తర్వాత పాఠాలకు వచ్చారు. మొదటిరోజు కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. "మన బిల్డింగుల లిఫ్టు ఉన్నది కద, దాంట్ల ఏం తప్పున్నదో రాస్కరాండ్రి" అన్నారు. మేమంతా కిందికీ పైకీ తిరిగి వచ్చి, లిఫ్టు దరిద్రంగా ఉందనీ, పెట్టినవాడికి బుద్ధి లేదనీ రాశాం. ఆవిడ చదివి నవ్వారు. "దరిద్రంగ ఉన్నది అంటే అది నీ కోపం బేటా. మూడు నొక్కితే నాలుగుల ఆగుతున్నది అంటే, అది రిపోర్టు. ఏం చేసినవ్, ఏం జరగాలె, ఏం అయింది, ఈ మూడే రాయాలె. అవతలోడు అదే చేసి అదే చూడగల్గాలె. ఇంగ పెట్టినోని బుద్ధి సంగతి, బగ్ రిపోర్టుల డెవలపర్ పేరు ఎక్కడన్న రాస్తమా?"

నాకు ఆ మాట హాయిగా అనిపించింది. నేను దేన్నైనా వరుసలు గీసి, అంకెలు వేసి చూసుకునేవాణ్ని. ప్రపంచాన్ని మూడు గడుల్లో పెట్టొచ్చని ఒక పెద్ద మనిషి చెప్పడం కంటే నాకు కావాల్సింది ఇంకేముంటుంది? ఆ గడుల్లో మనుషులు ఎక్కడ పడతారో మాత్రం అప్పటికి తెలియదు. అది తెలిసింది ఎన్నికలప్పుడు.

రాష్ట్రం విడిపోయాక వచ్చిన ఎన్నికల్లో, రెండు రాష్ట్రాలకూ ఒకే రోజు పోలింగ్ జరిగిన సందర్భం అది. మా సంస్థ కింద సత్యనారాయణ గారి జిరాక్సు దుకాణం ఉండేది. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, ఓటు కూడా ఇక్కడే. మా నోట్సులన్నీ ఆయన దగ్గరే తీయించేవాళ్లం, అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్లం. జిరాక్సులతో పాటు రబ్బరు స్టాంపులు కూడా చేసి ఇచ్చేవారు. పోలింగ్ రోజు ఓటేసి వచ్చి, సగం షట్టరు ఎత్తి, ఎవరికో అర్జెంటుగా కావాల్సిన స్టాంపులు చేసి, ఆ సాయంత్రం రెండు చేతులూ పైకెత్తి నవ్వుతూ ఒక ఫోటో తీయించుకుని ఫోన్లో స్టేటస్‌గా పెట్టుకున్నారు. రెండు రోజుల్లో ఆ ఫోటో మీమ్ అయి మా బ్యాచ్ గ్రూపులోకి వచ్చింది. ఎడమ చూపుడు వేలికి ఒక ఎర్ర గుండ్రం, కుడిచేతి వేళ్లకు ఒక ఎర్ర గుండ్రం. కింద రాత: "పొద్దున ఆంధ్రాలో ఒక ఓటు, సాయంత్రం ఇక్కడ ఒక ఓటు. మన నాయకుణ్ని వీళ్లా నిర్ణయించేది?"

గ్రూపులో పెట్టింది నరేష్. సిద్దిపేట దగ్గరి ఊరు వాడిది, నా పక్క బెంచీ, మంచివాడు, నాకు చాలాసార్లు తన టిఫిన్ పెట్టినవాడు. సాయంత్రానికి గ్రూపు రెండు ముక్కలైంది. ఎవరో దాన్ని ప్రింటు తీసి బాబాయ్ షట్టరుకు అతికించారు, బహుశా ఆయన దగ్గరే తీయించి ఉంటారు. మర్నాడు మధ్యాహ్నం ఆ దుకాణం గదిని, అంటే మడిగెను, బాబాయ్‌కి అద్దెకిచ్చిన యాదగిరి గారు వచ్చారు. "సత్యం, నాకు నీతోని పంచాది లేదు. గీ ఎలచ్చన్ల లొల్లి నా మడిగెకు తేకు. రేపు ఎవడన్న రాయి ఇసిరితె అద్దం ఎవడు పెట్టియ్యాలె? ఐతారం దాక చూస్త, ఇంగ ఖాళీ చెయ్" అని చెప్పేసి వెళ్లారు. బాబాయ్ కట్టల మధ్య నిలబడి, "నా ఓటు నేనేసుకున్నానండీ, ఇదేం గోలండీ" అని వచ్చినవాళ్లందరికీ చేతులు చూపిస్తున్నారు. ఎంత చూపిస్తే అంత నష్టం. రోజూ స్టాంపుల పనే కాబట్టి కుడిచేతి వేళ్లు ఊదారంగులోనే ఉన్నాయి మరి.

నేను కూర్చుని సమాధానం రాశాను. అంశాలవారీగా. వేలికి గుర్తుంటే రెండో చోట ఓటేయనివ్వరని, గుర్తు వేసేది ఎడమ చూపుడు వేలికేనని, స్టాంపు సిరా రంగు ఇదేనని, చివరికి ఇలాంటివి పంపేవాళ్లు టెస్టింగ్ నేర్చుకోవడం దండగని. గ్రూపులో పెట్టబోయేముందు మేడంకి చూపించాను, మెచ్చుకుంటారని. ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుని ఓపిగ్గా చదివారు.

"అన్ని కరెక్టే రాసినవ్. ఎవరి కోసం రాసినవ్?"

"నరేష్ కోసం మేడం."

"నరేష్ చదువుతడా ఇది? మూడో లైనుకే వానికి మండుతది. వాని దోస్తులు వాని దిక్కు నిలవడ్తరు, నీ దోస్తులు నీ దిక్కు. సత్యంభాయ్ దుకాణం మాత్రం ఐతారం నాడు బందు. ఇది బగ్ రిపోర్టు కాదు బేటా, చార్జిషీటు." ఫోను తిరిగి నా చేతిలో పెట్టారు. "ఇంగ ఆ ఫోటో మళ్ల పెడ్తున్నవ్ చూడు కింద, తప్పు అని రాసి. చదివేటోడు నీ రాత చదవడు, బొమ్మ చూస్తడు. వాళ్ల పని నువ్వు చేస్తున్నవ్."

ఆ సాయంత్రం క్లాసయ్యాక నరేష్‌ను ఆపారు, నన్ను కూడా ఉండమన్నారు. వాడు తిట్లకు సిద్ధపడి మొహం గట్టిగా పెట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ముందు వాళ్ల నాన్న ఆరోగ్యం అడిగారు. బోరు పడిందా అని అడిగారు. తర్వాత మామూలు గొంతుతోనే, "ఆ ఫోటో నీకు ఎక్కడికెల్లి వచ్చింది?" అన్నారు.

"మా చిన్నాయిన కొడుకు పంపిండు మేడం. గాడ మా ఊరి గ్రూపుల సుత తిరుగుతున్నది. నిజమే కద మేడం, మస్తుమందికి రెండు దిక్కుల ఓట్లు ఉన్నయి."

"ఉన్నయేమో. అది వేరే మాట, దాని మీద నీకు కోపముంటె తప్పు లేదు. ఈ ఫోటో సంగతి చెప్పు. ఇది తప్పు అనుకో, తప్పని ఎట్ల తెలుస్తది?"

నా అంశాలన్నింటిలో ఆ ప్రశ్న లేదు. నరేష్ తల గోక్కుని, "ఓటు సిరా కడిగితే పోదు కద మేడం. వేరే సిరా అయితే పోవాలె" అన్నాడు. మేడం మొహం విచ్చుకుంది. "శభాష్. టెస్టు కేసు నువ్వే చెప్పినవ్. నడువు, చేసొద్దాం."

బాబాయ్ మమ్మల్ని చూసి, ముఖ్యంగా నరేష్‌ను చూసి, ముందు కౌంటరు వెనక్కి జరిగారు. మేడం బట్టల సబ్బు, మగ్గుతో నీళ్లు అడిగారు. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని చేతులు రుద్దడం మొదలుపెట్టారు. కుడిచేతి నుంచి ఊదారంగు నీళ్లు కాలువలోకి కారాయి. ఎడమ వేలి గోరు మీది నల్లటి గీత చెక్కుచెదరలేదు. కానీ కుడిచేతి వేళ్లు కూడా పూర్తిగా తెల్లబడలేదు, లేత గులాబీ రంగు మిగిలిపోయింది. నరేష్ వంగి చూసి, "ఇంగ ఉన్నది కద మేడం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆవిడకు మాత్రం సంతోషమే అయింది. "మంచి టెస్టర్‌వి, ఊకె ఒప్పుకోకు" అని స్టాంపు ప్యాడ్ వాడి ముందు పెట్టారు. "నీ వేలు పెట్టు."

వాడు పెట్టాడు. కడిగాడు. ఊదారంగు పోయింది, లేత గులాబీ మిగిలింది. బాబాయ్ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. బాబాయే, "ఇంకో రెండు సార్లు రుద్దు బాబూ, అన్నానికి ఇబ్బందవుతుంది" అన్నారు. అప్పుడు నరేష్ కళ్లు తుడుచుకోవడానికి చేతులెత్తి, సబ్బు ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఇప్పుడేం రాయాల్నో నీకే ఎరుక. ఫోటో పెట్టకు. నీ తీరుగనే రాయి, నా తీరుగ వద్దు" అన్నారు మేడం. వాడు మెట్టు మీదే కూర్చుని రాశాడు: "అమీర్‌పేట జిరాక్స్ సత్యం బాబాయ్ ఒక్కటే ఓటేసిండు, గీన్నే ఏసిండు. రెండో చేతికి ఉన్నది స్టాంపు సిరా. నేను నా వేలికి పెట్టి కడిగి చూసిన. మొన్న నేను పంపింది తప్పు. మీరు ఎవరికి పంపిన్రో ఆళ్లకు ఇది సుత పంపుండ్రి." అందులో నా అంశాలు ఒకటో రెండో ఉన్నాయి. చార్జిషీటు లేదు. బ్యాచ్ గ్రూపులో పెట్టాడు, వాళ్ల ఊరి గ్రూపులో పెట్టాడు. చిన్నాయిన కొడుక్కు మాత్రం ఫోన్ చేశాడు. ఊరి గ్రూపులోంచి వాణ్ని గంటలో తీసేశారు. "అమ్ముడుపోయినవ్ రా అని తిట్టిన్రు మేడం" అని వాడు చెబితే ఆవిడ ఓదార్చలేదు. "పోయిన కాడికల్లా అది వాపస్ రాదు. కొందరు చూస్తరు, కొందరు చూడరు. మనకు కావాల్సిన మనిషి చూడాలె. పా, యాదగిరి సేట్ దగ్గరికి పోదాం."

యాదగిరి గారి ఇల్లు రెండు సందుల అవతల. ఆయనా ఆ ఫోటోను తన కులపోళ్ల గ్రూపులో చూసినవాడే. మేడం అక్కడ ఒక్క మాటా మాట్లాడలేదు. నరేష్‌ను ముందుకు జరిపి ఊరుకున్నారు. వాడు తన గులాబీ వేలు చూపించి, నేనే పంపిన, నేనే తప్పని చూసిన అని చెప్పాడు. ఆంధ్రా వాళ్లు చెబితేనో, మేడం చెబితేనో యాదగిరి గారు వినేవారో లేదో. సిద్దిపేట పిల్లవాడు చెబుతుంటే విన్నారు. చాలాసేపు మీసం దువ్వుకుని, "పోరడా, మొదలే కడగకపోయినవ్ రా వేలు" అన్నారు. ఆదివారం నాడు బాబాయ్ షట్టరు ఎప్పటిలాగే తెరిచి ఉంది. అతికించిన కాగితం తాలూకు జిగురు మరకను గీకుతున్నది నరేష్.

మేడం గురించి ఇంతవరకే చెబితే ఆవిడ తెలివిని చెప్పినట్టవుతుంది, మనిషిని చెప్పినట్టు కాదు. కోర్సు ముగిసే వారంలో, ఆవిడకు ఇష్టమైన అభ్యర్థి గురించి ఒక మంచి కబురు మా గ్రూపులో ఆవిడే పంపారు, ఆయన తన జీతమంతా ఒక ఆసుపత్రికి రాసిచ్చాడని. మేమంతా చప్పట్ల బొమ్మలు పెట్టాం. మర్నాడు పొద్దున అదే గ్రూపులో ఆవిడ రాసింది ఇది: "నిన్న నేను పంపింది తప్పు. ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగిన, అట్లాంటిది ఏం లేదన్నరు. నాకు నచ్చిన మాట కాబట్టి చూడకుండ పంపిన." పాత మెసేజీ తీసేయలేదు, దాని కిందే ఇది రాశారు. క్లాసులో ఎవరో, "పోనీయండి మేడం, మంచి మాటే కదా, ఎవరికేం నష్టం" అన్నారు. "నచ్చని దాన్ని అందరు టెస్టు చేస్తరు బాబా. నచ్చినదాన్ని చేసెటోనికే కంపెనీ జీతం ఇస్తది" అన్నారు ఆవిడ నవ్వుతూ. ఆ ఎన్నికల్లో ఆవిడ ఓటు ఎవరికో మాకు అలా తెలిసింది. ఆ ఒక్క మెసేజీ తర్వాత ఆవిడ మాట అవతలి పార్టీ పిల్లలు కూడా వినడం మొదలుపెట్టారు.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. మేడం కూతురి దగ్గరికి పుణె వెళ్లిపోయారు, పండగలకు మాట్లాడుతుంటారు. నరేష్ ఒక పెద్ద కంపెనీలో ఉన్నాడు. నేను పదిమంది టెస్టర్ల పని చూస్తాను. వాళ్ల రిపోర్టుల్లో ఎక్కడైనా మనిషి పేరు కనిపిస్తే తిప్పి పంపుతాను. అంతవరకు సులువే, అది ఆఫీసు.

ఇంట్లోది కష్టం. మొన్న మా పెద్ద మావయ్య బంధువుల గ్రూపులో ఒక మీమ్ పెట్టారు, ఒక నాయకుడు అనని మాటను అన్నట్టు, కింద ఒక కులాన్ని తిడుతూ. నా వేళ్లు వాటంతటవే ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం మొదలుపెట్టాయి. చెరిపేసి ఆయనకు ఫోన్ చేశాను. తప్పైతే ఎలా తెలుస్తుంది మావయ్యా అని అడిగాను. "ఏంట్రా, నాకే పాఠాలు చెప్పేంత పెద్దోడివయ్యావా?" అని పెట్టేశారు. తొందరపడ్డాను, మంచీ చెడూ అడక్కుండానే ప్రశ్నలోకి దిగిపోయాను. మేడం అయితే అలా చేసేవారు కాదు. ఈ సాయంత్రం మళ్లీ చేస్తాను. ముందు ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగుతాను, చెప్పినంతసేపూ వింటాను.