పదకొండో శాలువా

ఆరో శాలువా కప్పాక జడ్జిగారు నమస్కారం చేయబోయారు. చేతులు లేచాయి గానీ రెండూ ఒకచోట కలవలేదు. కుడిచేయి ఛాతీ దగ్గర ఆగిపోయింది, ఎడమచేయి గాలిలో దాన్ని వెతుక్కుంది. ఫొటోగ్రాఫరు "సార్, ఇటు చూడండి సార్" అన్నాడు. ఆయన నవ్వారు. మైకు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నేను అది చూశాను.

అయినా తర్వాత కప్పేవాళ్ళ పేరున్న ఏడో చీటీ తీసి చదివాను.

ఆ సంగతి రాయడానికే ఇవాళ పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను.

ఆయన మా ప్రాంతం మనిషి. కూలికి వెళ్ళే ఇంట్లో పుట్టి, చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని, ప్లీడరై, జడ్జి అయి, రిటైరయ్యాక యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆయన కోర్టు గురించి మా పెద్దవాళ్ళు చెప్పుకునేవి రెండు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ముసలివాళ్ళను నిలబడనిచ్చేవారు కాదట, బోనులోకి కుర్చీ వేయించేవారట. ఇంగ్లీషులో తీర్పు చదివాక, ఓడినవాళ్ళకు ఎందుకు ఓడారో తెలుగులో ఓపిగ్గా చెప్పేవారట.

నాకు మాత్రం ఆయన వైస్ ఛాన్సలర్‌గానే తెలుసు. ఎం.ఏ. ఆఖరి పరీక్షలప్పుడు మా అమ్మాయి నా కడుపులో ఉంది, ఎనిమిదో నెల. పరీక్ష హాలు మూడో అంతస్తులో. కింద గదిలో రాయనివ్వమని అర్జీ పెడితే, "అలాంటి రూల్ లేదమ్మా" అన్నారు ఆఫీసులో. ఆయన నన్ను పిలిపించారు. ముందు కుర్చీ చూపించి, నేను సర్దుకుని కూర్చునేదాకా ఆగారు. "రూల్ లేకపోతే రాసుకుందాం. నీ తర్వాత వచ్చేవాళ్ళకి అడిగే పని ఉండదు" అన్నారు. పరీక్షల రోజున ఆ కింద గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు: పోలియో వచ్చిన అబ్బాయి ఒకడు, నాలాగే నెలలు నిండిన అమ్మాయి ఒకతె. వాళ్ళు అప్పటిదాకా ఎవరినీ అడగనే లేదు.

అందుకే నందిగామలో ఆయనకు సన్మానం చేస్తున్నామని, వచ్చినవాళ్ళను వేదిక మీదికి పిలిచే పని నువ్వే చేయాలమ్మాయ్ అని మామగారు అన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. మామగారు రిటైరైన హెడ్మాస్టరు, సన్మాన కమిటీకి కార్యదర్శి. మీటింగులన్నీ జగ్గయ్యపేటలో మా ఇంటి వరండాలోనే జరిగాయి. వాటిలో ఒక పెద్ద చర్చ శాలువాల గురించి. అంతకుముందు ఎక్కడో ఒక సన్మానంలో, కప్పిన శాలువాను వెంటనే తీసి కుర్చీ మీద పడేశారని ఒక సంఘం వాళ్ళు అలిగి భోజనం చేయకుండా వెళ్ళిపోయారట. అది మన దగ్గర జరగకూడదని కమిటీ తీర్మానించింది. ఎవరి శాలువానూ తీయకూడదు, అన్నీ భుజాన ఉండగానే ఆఖర్న గ్రూపు ఫొటో. పెట్టుకున్నది మే నెలలోనని, ఆయనకు డెబ్బై ఆరేళ్ళని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆ తీర్మానాన్ని పుస్తకంలో రాసింది నేనే. నాకూ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం కల్యాణమండపంలో సభ మొదలైన అరగంటకే కరెంటు పోయింది. జనరేటరు మీద మైకు, లైట్లు నడిచాయి, ఫ్యాన్లు తిరగలేదు. జడ్జిగారి మెడలో చేతి లావు పూలదండ. కూర్చుని శాలువా కప్పించుకోవడం ఆయనకు ఇష్టంలేక ప్రతిసారీ లేచి నిలబడుతున్నారు, చివరికి ఇక కూర్చోవడమే మానేశారు. కింద వరుస పెరుగుతోంది. వచ్చినవాళ్ళను తప్పు పట్టలేను. మనలోంచి అంత ఎత్తుకు వెళ్ళిన మనిషిని ఒక్కసారి చేత్తో తాకాలని వచ్చారు.

నాకు భయాలెక్కువ. మావాడు చింతగింజ మింగాడనుకుని ఒకసారి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరుగారు చూస్తుండగా గింజ వాడి జేబులోంచి కిందపడింది. ఆ కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఆయన చేతులు కలవకపోవడం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. మళ్ళీ అలాంటిదేలే అనుకున్నాను.

ఏడోది ప్లీడర్లది. ఎనిమిదోది పాత విద్యార్థులది. తొమ్మిదోది కప్పాక మైకు కాస్త పక్కకు పెట్టి అడిగాను.

"సార్, కాసేపు కూర్చుంటారా?"

"వాళ్ళు నిలబడే ఉన్నారుగా అమ్మా" అన్నారు. మాట ముద్దగా వచ్చింది.

పదోది సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులది. వాళ్ళు ఫొటోకి నిలబడ్డప్పుడు ఆయన పక్కవాడి భుజం పట్టుకున్నారు. ఆప్యాయంగా చేయి వేశారనుకుని అతను మురిసిపోయాడు. ఆయన ముఖం మీద అంతసేపూ కారిన చెమట ఆగిపోయి ఉంది.

పదకొండో చీటీ రిటైర్డు ఉపాధ్యాయులది. శాలువా విప్పుకుని ముందుకు వస్తున్నది మామగారే.

"మావయ్యగారూ, ఆగండి. కప్పొద్దు!"

మైకు నోటి దగ్గరే ఉంది. హాలంతా వినబడింది.

"ఏంటమ్మాయ్, ఏం మాట్లాడుతున్నావ్?" అన్నారాయన, శాలువా రెండు చేతుల్లో అలాగే పట్టుకుని.

"మామగారి శాలువా రంగు కోడలికి నచ్చలేదంటరా" అని కింద ఎవరో అన్నారు. నవ్వులు. నేను మైకు బల్ల మీద పడేసి జడ్జిగారి దండ పట్టుకున్నాను.

"మేడమ్, ఫ్రేములోకి వస్తున్నారు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఫ్రేమేందిరా నాయనా, మనిషి పాలిపోతుంటే! ముందు ఆయన్ని కూర్చోబెట్టండి" అని అరిచిందొక ముసలమ్మ. రెడ్డిగూడెం నుంచి కూలి పని చేసుకునే ఆడవాళ్ళ తరపున వచ్చిందామె, మామగారి వెనకే నిలబడి ఉంది. తన శాలువా చంకలో దోపుకుని వచ్చి నాతోపాటు లాగడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ తీస్తుంటే లోపల చొక్కా తడిసి ముద్దయి ఉంది. చివరిది తీసేసరికి ఆయన మా చేతుల్లోకి ఒరిగిపోయారు.

హాల్లో నవ్వు ఆగిపోయింది. ముందు వరుసలోంచి ఒక డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. పెళ్ళికూతురి గదిలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. అద్దం నిండా ఎవరెవరివో బొట్టుబిళ్ళలు. కాళ్ళ కింద దిండ్లు పెట్టి, మెలకువ వచ్చాక ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో పట్టారు. అంబులెన్సు కోసం చూస్తుండగా ఆయన కళ్ళు తిప్పి నన్ను వెతికారు.

"ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?"

"తొమ్మిది చీటీలున్నాయండి. ఇప్పుడెందుకు సార్?"

"చదువు. పిలిచి వెనక్కి పంపితే బాధపడతారు. ఎవరొచ్చారో నాకు తెలియాలి."

"మీరు మాట్లాడకూడదు సార్" అంది డాక్టరమ్మ.

"మాట్లాడనండి. వింటాను."

గుమ్మం దగ్గర నిలబడి చదివాను. మొదటి చీటీ మామగారిదే. శాలువా మడిచి పట్టుకుని ఆయన నా పక్కనే ఉన్నారు. ప్రతి పేరుకూ జడ్జిగారి వేళ్ళు దుప్పటి మీద కొంచెం కదిలాయి. తొమ్మిదోది చదివేలోపే అంబులెన్సు వచ్చి ఆయన్ని విజయవాడ తీసుకెళ్ళింది.

జగ్గయ్యపేట చేరేదాకా మామగారు ఒక్కటే అన్నారు, "మైకు పక్కన పెట్టి చెప్పుండాల్సింది." నా మనసంతా ఆరో శాలువా దగ్గరే ఉంది. అప్పుడే ఆపి ఉంటే జడ్జిగారు నడిచి కిందికి దిగేవారు. ఆ రాత్రి ఆయన ఉంటారో లేదో తెలియదు. ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే జడ్జిగారి అమ్మాయి ఫోను చేసింది. వడదెబ్బట, బీపీ బాగా పడిపోయిందట. "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారండి. ఇప్పుడు కాఫీ ఇమ్మని గొడవ చేస్తున్నారు" అంది. అంతా విని మామగారు పిల్లలిద్దర్నీ దగ్గరికి పిలిచారు. "మీ అమ్మ లేకపోతే నిన్న ఘోరం జరిగిపోయేది" అన్నారు. మా అమ్మాయి పళ్ళు తోముకోవడం ఆపి నా వైపు చూసింది.

"అమ్మా, అందరికన్నా ముందు నువ్వే చూశావా?"

ఔననేసి ఊరుకోవచ్చు. ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టుకుని చెప్పాను.

"చూశా. కానీ వెంటనే చెప్పలేదమ్మా. అందరూ నవ్వుతారని సిగ్గుపడ్డా. నేను సిగ్గుపడుతున్నంతసేపూ ఇంకో నాలుగు శాలువాలు ఆయన మీద పడ్డాయి. ఆయనకేమన్నా అయ్యుంటే అందులో నా తప్పూ ఉండేది. అందుకని మా అమ్మ కాపాడిందని స్కూల్లో గొప్పగా చెప్పొద్దు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని మీకనిపిస్తే గట్టిగా చెప్పేయండి. అది నిజం కాకపోతే నవ్వుతారు, నవ్వనీండి."