తెలుగు వచ్చే ఫోను

పెడనలో కలంకారీ బట్టలకు అచ్చులు వేసే రాధాకుమారికి చెవులు వినబడవు. పాతికేళ్ల వయసులో వచ్చిన జ్వరం వాటిని పట్టుకుపోయింది. మాట మాత్రం ఉంది, అదీ గట్టిగానే. కానీ ఆమెతో మాట్లాడే ఓపిక ఎవరికుంది? ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా నిదానంగా మాట్లాడాలి కదా. మా ఊళ్లో ఆ మాత్రం తీరిక కోటేశ్వరమ్మ ఒక్కతెకే ఉండేది. ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి ఏళ్ల తరబడి అచ్చులు వేశారు. 2009లో మోకాళ్లు మొరాయించి కోటేశ్వరమ్మ గుడివాడలో కూతురింటికి వెళ్లిపోయింది. ఇక రాధాకుమారితో మాట్లాడే మనిషి లేదు.

అందుకే ఆమె బందరు వెళ్లింది, ఫోను కొనడానికి. చెవిటిదానికి ఫోనెందుకని నవ్వినవాళ్లకు బుద్ధి లేదు.

కొట్టు కుర్రాడు రాంబాబు రెండు ఫోన్లు ముందు పెట్టాడు. ఒకటి వేలితో తాకితే నడిచేది, తళతళలాడుతోంది. రెండోది మీటలది, లావుపాటిది.

"ఇది తీసుకోండి పిన్నిగారూ. ఇంటర్నెట్టు, పాటలు, అన్నీ వస్తాయి," అన్నాడు అమ్మేవాడి ఓపికతో నిదానంగా, మెరిసేదాన్ని చూపిస్తూ.

"తెలుగు వస్తుందా?"

"దీని సాఫ్ట్‌వేర్ వేరండీ. తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల బదులు డబ్బాలు పడతాయి. ఆ లావుదాంట్లో అయితే వస్తుంది."

"అయితే లావుదే ఇవ్వు. పాటలు వింటానా నేను?"

ఆ సాయంత్రం నుంచి కోటేశ్వరమ్మ ఫోనుకు మెసేజ్‌లు రాస్తూనే ఉంది. బల్ల దగ్గర ఎవరు అలిగారో, ఏ రంగు చెడిందో, అన్నీ. ప్రతి మెసేజ్‌కీ గుడివాడ నుంచి ఒక మిస్డ్ కాల్ వచ్చేది. చేతిలో ఫోను వణికితే ఆమె ముఖం వెలిగిపోయేది. అక్కకు టైపు చేయడం రాదు, చదివానని ఇలా చెబుతోంది అనుకునేది.

వానాకాలంలో ఒకరోజు ధైర్యం చేసి రాసింది. 'అక్కా, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. నా దగ్గరకు వచ్చెయ్యి. పని నేను చేస్తా, నువ్వు కూర్చుని కబుర్లు చెబుదువుగాని. సరే అయితే మిస్డ్ కాల్ ఇవ్వు.'

మిస్డ్ కాల్ వచ్చింది.

రాధాకుమారి రెండో మంచం కొంది. గోడలకు సున్నం వేయించింది. ఆదివారం అక్కను తీసుకురావడానికి గుడివాడ రైలెక్కింది.

కోటేశ్వరమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. చంకలో మనవరాలు. "దీన్నొదిలి పూట కూడా ఉండలేకపోతున్నానే," అని మురిసిపోయింది. తర్వాత అల్లుడిచ్చిన పాత ఫోను తెచ్చి చూపించింది. తెర నిండా డబ్బాలే.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. దీనికి తెలుగు రాదత్తయ్యా అన్నాడు అల్లుడు. పోనీలే, నువ్వు రాశావని తెలిసేది కదా అని, వచ్చినప్పుడల్లా మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని," అంది, పెదవులు కనిపించేలా నిదానంగా. "ఇంతకీ అంతంత ఏం రాసేదానివే?"

రాధాకుమారి చేతులు చాచింది. పిల్లను తన చేతుల్లోకి తీసుకుంది.

"ఏముందక్కా, అన్నం తిన్నావా అని."