నా చేతి మైల

నేను మంత్రసానిని. మా అత్త కూడా మంత్రసానే. మా ఆయన మంగలి. గోదావరి కాలవ ఒడ్డున ఉన్న మా ఊళ్లో గడ్డాలు గీయడం, సెగగడ్డలు కోయడం, పుచ్చిన పళ్లు పీకడం ఆయన పని. పురుళ్లు పోయడం మా ఆడవాళ్ల పని. ఈ అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చాయి, రాజమహేంద్రవరంలో. వచ్చినప్పటినుంచీ ఇది రాయాలనుకుంటూనే తప్పించుకుంటూ వచ్చాను. ఎవరి పేరూ రాయను. చచ్చిపోయినవాళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు.

నేను కాపరానికి వచ్చేనాటికి మా అత్త చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి మంత్రసాని. పొట్టి మనిషి, గట్టి మనిషి, నోరు మంచిది కాదు. పురిటికి కబురొస్తే ముందు పొయ్యి మీద నీళ్లు పెట్టించేది. నీళ్లు తెర్లేదాకా పురిటింట్లోకి అడుగు పెట్టేది కాదు. గోళ్లు కండ దాకా కొడుకుచేత తీయించుకునేది. కుంకుడుకాయ రసం, బూడిద, మళ్లీ వేణ్ణీళ్లు. మోచేతుల దాకా తోముకునేది. లోపల అమ్మాయి కేకలు పెడుతుంటే ఈవిడ గుమ్మంలో కూర్చుని చేతులు తోముకుంటోందని ఆ ఇంటివాళ్లంతా తిట్టుకునేవాళ్లు.

పురుడు మైల అని లోకమంతా అంటుంది. అందుకని అందరూ పురుడు పోశాక కడుక్కుంటారు. మా అత్త ఒక్కతే ముందు కడుక్కునేది.

"ఎందుకత్తా ఇదంతా?" అని నేను నవ్వితే, "పురిటాలు మైల కాదే పిల్లా. ఊరంతా తిరిగొచ్చిన మన చెయ్యి మైల" అనేది. ఎవరు నేర్పారంటే వాళ్లమ్మ అనేది. అంతకుమించి ఆవిడకీ తెలియదు. నాకది చాదస్తంలా కనపడేది.

తరవాత ఆవిడ రెండు కళ్లలోనూ పువ్వు వేసింది. మనిషి నీడలా కనపడేదట. అయినా చేత్తో తడిమి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పేది. నేను ఒప్పుకోలేదు. గుడ్డిదానిచేత పురుడు పోయిస్తున్నారని ఊళ్లో అనుకుంటున్నారని మా ఆయనతో చెప్పి, ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టాను. ఊళ్లో ఎవరూ అలా అనలేదు. నేనే కల్పించాను. చీరలూ తాంబూలాలూ నా చేతికి రావాలని, బండి కట్టి నన్నే తీసుకెళ్లాలని నాకు ఆశగా ఉండేది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు నా కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. మా ఆయన కోసిన సెగగడ్డల గుడ్డలు ఉతికేదాన్ని నేనే. అక్కణ్ణించే వచ్చి ఉంటుంది. పసుపూ సున్నమూ పెట్టాను, తగ్గింది. మళ్లీ లేచింది. నొప్పి పెద్దగా లేదు కానీ నొక్కితే చీము వచ్చేది. అది అలాగే నెలలు నడిచింది.

ఒకరోజు అత్త నా చెయ్యి అందుకుని వేలు వాసన చూసింది.

"ఈ వేలు మానేదాకా పురిటికి వెళ్లకు. నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టండి, నేను చూసుకుంటాను."

"కనపడని కళ్లతోనా?"

"కళ్లతో ఎవరే పురుడు పోసేది?"

నేను వినలేదు. ఆ నెలలోనే ఒక రైతు కోడలికి పురుడు పోశాను. తేలికైన కాన్పు. మూడోరోజు ఆ పిల్లకి వణుకు వచ్చింది. పొట్ట ఉబ్బింది, పాలు ఇంకిపోయాయి. ఏదేదో మాట్లాడుతూ ఆరోరోజున పోయింది. బాలింత సన్నిపాతం అన్నారు. అది ఎప్పుడూ ఉన్న జబ్బే. తరవాత ఇద్దరు ముగ్గురు బాగానే లేచి తిరిగారు. ఆ పైన గానుగ ఆడించే ఇంటివాళ్ల ఇల్లాలు పోయింది, అదే వణుకుతో, అదే వాసనతో. నాలుగో కాన్పు ఆవిడకి. ముగ్గురు పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

అప్పుడైనా నాకు అనుమానం రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. వేలికి గుడ్డ చుట్టుకుని, ఎవరికీ కనపడకుండా కొంగులో పెట్టుకుని తిరిగాను.

శీతాకాలంలో మునసబుగారి కూతురు మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పదహారేళ్లుంటాయి. నొప్పులు మొదలవగానే నాకు కబురొచ్చింది. నేను లోపలికి వెళ్లిన కాసేపటికి మా అత్త కర్ర తాటించుకుంటూ ఆ ఇంటికి వచ్చింది. అంత దూరం ఎలా వచ్చిందో తెలియదు. గుమ్మం బయట నిలబడి గట్టిగా అరిచింది.

"అమ్మగారండీ! మా కోడలి చెయ్యి పెట్టనివ్వకండి! దాని వేలు కుళ్లింది! కుళ్లింది అమ్మగారండీ!"

మునసబుగారి భార్య నా వైపు చూసింది. నేను చెయ్యి కొంగులోకి లాక్కుని నవ్వాను.

"ఈర్ష్యండి అమ్మగారూ. కూర్చోబెట్టామని కడుపుమంట."

పాలేళ్లు ఆవిణ్ణి రెక్క పట్టుకుని వీధి చివర దిగబెట్టి వచ్చారు. మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. నాకు జరీ అంచు చీర పెట్టారు.

నాలుగోరోజు వణుకు వచ్చింది. ఎనిమిదోరోజున ఆ పిల్ల పోయింది. పోయేముందు రెండు రోజులు తన బిడ్డ ఎవరో కూడా తెలియలేదు.

దినాలు పూర్తయ్యాక మునసబుగారు మా ముగ్గుర్నీ చావడికి పిలిపించారు. ఊరి పెద్దలంతా ఉన్నారు. ఒకే ఏట ముగ్గురు బాలింతలు పోతే ఊరికే పోరని, ఎవరో చిల్లంగి పెట్టారని అప్పటికే నిశ్చయించుకున్నారు. చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆయన నన్ను ముందుకి రమ్మన్నారు.

"ఆ రోజు మీ అత్త మా గుమ్మంలో ఏదో అరిచింది. మా అమ్మాయి కేకల్లో లోపల ఆడవాళ్లకి సరిగ్గా వినపడలేదు. ఒకరు కుళ్లింది అంటున్నారు, ఒకరు కుళ్లుతుంది అంటున్నారు. దగ్గరున్నదానివి నువ్వు. ఏమందే?"

కుళ్లింది అంటే నా వేలు. కుళ్లుతుంది అంటే శాపం. ఒక్క అక్షరం తేడా. మా అత్త పక్కనే నిలబడి ఉంది, కర్ర రెండు చేతులతో పట్టుకుని, నా గొంతు వచ్చే వైపు మొహం తిప్పుకుని. నేను చెబుతానని ఆవిడకి నమ్మకం.

"కుళ్లుతుంది అందండి" అన్నాను.

మా ఆయన నా వంక చూశాడు. ఆయనకి నా వేలి సంగతి తెలుసు. ఆయనా నోరు విప్పలేదు.

చిల్లంగి పెట్టేవాళ్లకి ముందుపళ్లు తీసేస్తారు. పళ్లు లేకపోతే మాట తేలిపోతుందని, మంత్రం పారదని నమ్మకం. ఎవరు తీస్తారన్న ప్రశ్నే రాలేదు. ఊళ్లో పళ్లు పీకేది మా ఆయన. మునసబుగారు ఆయన్నే అడిగారు.

"నీ పటకారుతో నువ్వు తీస్తావా? లేకపోతే మావాళ్లు రాయితో కొడతారు. ఎలాగంటే అలాగే."

ఆయన వాళ్ల కాళ్ల మీద పడ్డాడు. లేవదీసి పెట్టె తెచ్చుకోమని పంపారు. తెచ్చాడు. పట్టపగలు, చావడి అరుగు మీద, చుట్టూ జనం. ఆవిణ్ణి పట్టుకోవడానికి ఇద్దరు వచ్చారు. అత్త వద్దంది. తనే కూర్చుంది. నోరు తెరిచేముందు కొడుకుతో ఒక మాట అంది.

"చెయ్యి వణికించకు నాయనా. వణికితే విరుగుతాయి."

వణికింది. మొదటి రెండూ విరిగాయి. మూలాలు తవ్వి తీయవలసి వచ్చింది. మీద రెండు, కింద రెండు. చూడటానికి వచ్చిన ఆడవాళ్లలో కొందరు ఆవిడే పురుడు పోసి చేతికిచ్చిన పిల్లల్ని చంకనేసుకుని ఉన్నారు. నేను పక్కనే చెంబు పట్టుకుని నిలబడ్డాను. పుక్కిలించడానికి నీళ్లు ఇవ్వమన్నారు, ఇచ్చాను.

దవడ వాచి నెలరోజులు ఆవిడ గంజి తప్ప ఏమీ తాగలేకపోయింది. నేనే పోశాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అడగలేదు. మా ఆయన ఆ పటకారు కాలవలో పారేశాడు. పొద్దుగూకులూ కల్లు పాకలో కూర్చునేవాడు. వేసవి రాకముందే కాకినాడ వెళ్లి బర్మా పోయే రంగం ఓడ ఎక్కాడు. మళ్లీ రాలేదు. వాళ్లమ్మకి చెప్పి వెళ్లాడు, నాకు చెప్పలేదు.

ఆ ఎండల్లో నా వేలు నన్నే పట్టుకుంది. చెయ్యంతా ఉబ్బింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఎర్రటి చార లేచింది. జ్వరంతో మంచం దిగలేని రోజున అత్త తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. పళ్లు లేక మాట నత్తిగా వచ్చేది.

"రాజమహేంద్రవరంలో మిషను దొరసాని ఆస్పత్రి ఉందిట. పడవెక్కు. ఇక్కడుంటే చస్తావు."

పడవ సరంగుని ఆవిడే బతిమాలింది. దారి పొడుగునా గడ్డి మీద పడుకుని, నేను ఆవిణ్ణి తలుచుకోలేదు. బతకాలనుకున్నాను, అంతే.

ఆస్పత్రి దొరసాని పొడుగాటి మనిషి. తెలుగు పుస్తకాల్లో ఉన్నట్టు మాట్లాడేది. నా వేలు కోసి, చీము పిండి, ఘాటైన మందునీళ్లతో కడిగింది. జ్వరం తగ్గాక నా పని ఏంటని అడిగింది. పురుళ్లు పోస్తానన్నాను. ఆవిడ మొహం మారిపోయింది.

"ఈ వేలితోనా?"

మర్నాడు పొద్దున్న కిటికీ దగ్గర బల్ల మీద ఇత్తడి గొట్టంలాంటిది పెట్టి నన్ను పిలిచింది. నా వేలి చీము చుక్క గాజుపలక మీద రాసి, రంగు వేసి, గొట్టం కింద పెట్టింది. ఒక కన్ను మూసుకుని చూడమంది. ముందు ఏమీ కనపడలేదు. తరవాత ఊదారంగు పూసలు కనపడ్డాయి, దారానికి గుచ్చినట్టు వరసగా, చిన్న చిన్న గొలుసులు.

"ఇవి బతికున్న ప్రాణులు. నీ వేలిలో కాపరం ఉన్నాయి" అంది.

తరవాత ఒక పుల్లతో నా పంటి మీద పాచి గీసి అదీ చూపించింది. అందులో కొన్ని ఈదుతున్నాయి. నాకేదో మహారోగం ఉందనుకుని ఏడ్చాను. దొరసాని తన పంటి మీద పాచి కూడా గీసి చూపించింది. అందులోనూ ఉన్నాయి.

"ఇవి లేని మనిషి లేదు. చర్మం మీద, నోట్లో, పేగుల్లో నిండా ఉంటాయి. చాలావాటివల్ల మనకేం చెడు లేదు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకి ఇవి ఉండవు. పుట్టేటప్పుడు తల్లినుంచి పట్టుకుంటుంది, అప్పటినుంచీ చచ్చేదాకా మనతోనే. కానీ ఈ గొలుసుల సంగతి వేరు. నీ వేలి మీద ఉంటే గోరుచుట్టు. బాలింత గర్భం లోపల పచ్చి పుండు. అక్కడికి చేరితే చావు. పురుడు పోసే ముందు చేతులు కడుక్కునేదానివా?"

"మా అత్త కడుక్కునేదండి" అన్నాను.

"ఆవిడకెవరు నేర్పారు?"

"వాళ్లమ్మండి."

మీ అత్త చేతిలో చచ్చినవాళ్లెందరని దొరసాని అడిగింది. నాకు గుర్తున్నంతలో ఆ జ్వరంతో ఎవరూ లేరన్నాను. నీ చేతిలో? అంది. ముగ్గురు అన్నాను. చావడి సంగతి మాత్రం చెప్పలేదు.

చెయ్యి మానాక నన్ను అక్కడే ఆయాగా పెట్టుకున్నారు. ఎడతెగకుండా నీళ్లు మరిగించడం, పనిముట్లు కడగడం. బైబిలు చెప్పే ఆవిడ సాయంత్రాలు అక్షరాలు దిద్దించింది. ఏడాది తిరిగాక సీసాలో మందునీళ్లు ఇచ్చి, ఊరికి వెళ్లి పని చేసుకోమని పంపారు.

ఇంటికి వచ్చేసరికి అత్త బతికే ఉంది. ఎవరూ ఇంట్లోకి రానివ్వక, దూరం నుంచి వేసిన మెతుకులతో బతికింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అంతా చెప్పాను. గొట్టం సంగతి, పూసల సంగతి, నా వేలి సంగతి. ఆవిడ చేతులు కడుక్కోవడం ఎందుకు మంచిదో కూడా చెప్పాను. తల ఊపుతూ విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"ఈ మాట చావడిలో చెబుతావా?"

"చెబుతానత్తా."

ఆ వారం చెబుదామనుకున్నాను. తరవాత అమావాస్య వెళ్లాక అనుకున్నాను. ఈలోగా మునసబుగారి కోడలికి నొప్పులని కబురొచ్చింది. దొరసాని దగ్గర పని నేర్చుకుని వచ్చానని ఊరంతా పాకిపోయింది. బండి తోలుకొచ్చిన పాలేరు గుమ్మంలో నిలబడి అన్నాడు.

"అమ్మగారు చెప్పమన్నారు. నువ్వు వచ్చేముందు ముసలిదాన్ని లోపల పెట్టి గొళ్లెం వేసి రావాలంట. మళ్లీ గుమ్మంలోకి రాకూడదంట."

అత్త అరుగు మీదే ఉంది. విన్నది. తనే లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టి బండెక్కాను.

ఆ కాన్పు బాగా జరిగింది. తల్లీ బిడ్డా క్షేమం. నా చెయ్యి మంచిదని అన్నారు. ఆ తరవాత నాకు ఊపిరి తిరగనంత పని. ఎవరింటికి వెళ్లినా అదే మాట చెప్పి పంపేవాళ్లు, నేనూ అలాగే చేసేదాన్ని. అత్త ఇంకో నాలుగేళ్లు బతికింది. చివరి రోజున నేను పక్క ఊళ్లో పురిట్లో ఉన్నాను. తిరిగొచ్చి గొళ్లెం తీస్తే తలుపు వెనకే పడి ఉంది.