ఊరుకోని కుడికాలు

స్కూలు పిల్లలు ఆయన్ని బ్రేకు మామయ్య అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. రోడ్డు మీద కాకి వాలితే ఆయన బస్సు నెమ్మదిస్తుంది. అవతలి వీధిలో కుక్క ఒళ్ళు విరుచుకున్నా నెమ్మదిస్తుంది. వెనక సీట్లలో పెద్ద క్లాసుల కుర్రాళ్ళు విసుక్కుంటారు గానీ, వాళ్ళ తల్లులు మాత్రం ఆ బస్సులో సీటు దొరికితే పెట్టిపుట్టామనుకుంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన బస్సుకు గీత పడలేదు, అందులో ఎక్కిన పిల్లకు దెబ్బ తగల్లేదు. ఈ సంగతి ఆయన తనంతట తాను చెప్పుకోడు. పక్కవాళ్ళు చెబుతుంటే మాత్రం అడ్డుపడడు.

ఆ ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. పొద్దున పిల్లల్ని దించేశాక మళ్ళీ సాయంత్రం గంట కొట్టేదాకా పని ఉండదు. ఇంటికి పోదామంటే దూరం, కూర్చుందామంటే విసుగు. మిగతా డ్రైవర్లు రేకుల షెడ్డు కింద పేకముక్కలు పరుచుకుంటే ఆయన బస్సు తుడుచుకునేవాడు. తుడిచిందే తుడిచి, ఇక తుడవడానికి మురికి దొరక్క వెనక సీట్లో నడుం వాల్చేవాడు. జీతం పెరగదు, సెలవుల నెలల్లో సగమే ఇస్తారు. ఖాళీకి మాత్రం లోటు లేదు. ఈ ఖాళీని నాలుగు డబ్బులు చేసుకునే దారేదన్నా ఉందా అని ఆలోచిస్తుండగా, పెట్రోలు బంకు పక్కన డ్రైవింగ్ స్కూలు గోడ మీద బోర్డు కనిపించింది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు కావాలట. ఎవరికి వీలైన గంటల్లో వాళ్ళు వచ్చి నేర్పవచ్చట. కాకపోతే ముందు శిక్షణ తీసుకోవాలట. శిక్షణకు ఫీజెంతో బోర్డు మీద లేదు. అలాంటివి లోపలికి వెళితేనే చెబుతారు.

వెళ్ళాడు. ఆ స్కూలు యజమాని బట్టతల మనిషి, మాట మెత్తన. ఆయన ఫీజు చెప్పగానే మనవాడు లేచి నిలబడి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు. అంత డబ్బు ఇంట్లో ఉంది. సరిగ్గా అంతే ఉంది. కానీ అది తనది కాదు, భార్యది.

ఆవిడ ఇంట్లో కర్టెన్లూ దిండు గలీబులూ కుడుతుంది. ఉన్నది కాలితో తొక్కే పాత మిషను. తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయి, కుర్చీలోంచి లేవాలంటే ముందు గోడ పట్టుకోవలసి వస్తోంది. కరెంటు మిషను కొనుక్కుందామని దుప్పట్ల పెట్టె అడుగున కొంచెం కొంచెంగా దాచుకుంటోంది. ఆ పెట్టె జోలికి ఆయన ఏనాడూ పోలేదు.

డబ్బు కట్టేముందు ఒక క్లాసు ఊరికే చేసి చూడమన్నాడు యజమాని. నేర్చుకోవడానికి వచ్చిన ఒక నర్సమ్మ పక్కన కూర్చోబెట్టి బయటికి పంపాడు. నేర్పే బండిలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అసలు తంటా అక్కడే వచ్చింది. ఆవిడ బండి కదిలించడమే ఆలస్యం, ఆయన కుడికాలు బ్రేకు నొక్కేసేది. మలుపు దగ్గర నొక్కాడు, మలుపు లేనిచోటా నొక్కాడు. అవతల సైకిలు స్టాండు వేసుకుని నిలబడి ఉంటే అది ఎక్కడ కదులుతుందోనని నొక్కాడు. తిరిగొచ్చాక నర్సమ్మ మెడ పట్టుకుని దిగి, రేపటినుంచి వేరేవాళ్ళను పంపించమని అడిగి వెళ్ళిపోయింది.

యజమాని కోప్పడలేదు. "ఇవాళ బండి ఆవిడ నడపలేదండీ. మీరే నడిపారు. ఆవిడ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది, అంతే" అన్నాడు. "నేర్పడమంటే నోటితో పని అనుకుంటారు అందరూ. అవసరం లేనప్పుడు కాలు ఊరుకోవడం అసలు పని. మేం నేర్పేది అదే. కొందరికి వస్తుంది, కొందరికి ఎంత నేర్పినా రాదు. కట్టిన ఫీజు నేను వెనక్కివ్వను. అందుకే ముందే చెప్తున్నా, ఆలోచించుకోండి." కొత్త బ్యాచి మొదలయ్యేలోపు ఏదో ఒక మాట చెప్పమన్నాడు.

షెడ్డు కింద ఈ సంగతి ఎత్తగానే తలా ఒక సలహా పారేశారు. వాళ్ళలో ఒకాయన లోగడ డబ్బు కట్టి కొవ్వొత్తుల తయారీ నేర్చుకున్నాడు. నేర్పినవాళ్ళు అరచేతిలో వైకుంఠం చూపించారు. కొనేవాళ్ళను మాత్రం చూపించలేదు. ఇప్పటికీ వాళ్ళింట్లో కరెంటు ఉన్నా కొవ్వొత్తులే వెలుగుతాయి. "బావా, నీకేం తక్కువైందని? హాయిగా పేక నేర్చుకో, ఫీజు లేదు" అన్నాడు ఆ కొవ్వొత్తులాయన. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. వాళ్ళ భయం మోసం గురించి. ఆయన భయం అది కాదు. యజమాని నిజాయితీపరుడే. తన కాలు మాటేమిటి? భార్య మోకాళ్ళ డబ్బు తీసుకెళ్ళి కట్టి, తీరా ఈ కాలు ఊరుకోకపోతే ఆవిడకు మొహం ఎలా చూపించాలి?

ఇంటికెళ్ళి భార్యతో ఫీజు సంగతి చెప్పాడు, వీలైన గంటల సంగతి చెప్పాడు, నర్సమ్మ మెడ సంగతి మాత్రం మింగేశాడు. ఆవిడ కుట్టు ఆపకుండా అంతా విన్నది. కుట్టు చివరికొచ్చాక దారం తెంపి అన్నది: "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు నాకు నేర్పండి. నేర్పగలిగితే ఆ డబ్బు తీసుకెళ్ళండి."

ఆవిడకు ఈ కోరిక ఇవాళ పుట్టింది కాదు. తమ్ముడు సెకండ్ హ్యాండు కారు కొన్నప్పుడే నేర్పమని అడిగింది. "నేనున్నానుగా, నీకెందుకు" అన్నాడాయన. ప్రేమగానే అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి మరిచిపోయిందనుకున్నాడు. మొగుళ్ళందరూ చేసే పొరపాటే ఇది.

ఆదివారం బావమరిది కారు తాళాలిచ్చాడు. "బావా, కారు ఎలా వచ్చినా ఫరవాలేదు, మా అక్కను జాగ్రత్తగా తీసుకురా" అన్నాడు. స్కూలు వెనక మైదానం, ఒక పక్కన నిలిపి ఉన్న బస్సులు తప్ప, ఆ రోజు అంతా ఖాళీ. ఆయన క్లచ్చి గురించీ గేర్ల గురించీ చక్కగా, ఓపిగ్గా చెప్పాడు. ఆవిడకూ అర్థమైంది. బండి కదిలింది. కదలగానే ఆయన కుడికాలు కింది చాపను తన్నింది. ఆ కారులో పక్క సీటుకు బ్రేకు లేదు. లేకపోతేనేం, చెయ్యి ఉందిగా, హ్యాండ్ బ్రేకు లాగేశాడు. బండి గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ కదిలించింది, మళ్ళీ లాగాడు. ఇలా మైదానం సగం కూడా దాటకుండానే ఎండ నెత్తికెక్కింది.

ఆవిడ తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. "మీ నోరు పోనిమ్మంటోంది, మీ కాలు వద్దంటోంది. నేనెవరి మాట వినాలి?" అన్నది. ఆయన హ్యాండ్ బ్రేకు మీంచి చెయ్యి తీసేశాడు. ఆవిడే మళ్ళీ, కోపం లేకుండా అన్నది: "మీ నోటికి నా మీద నమ్మకం ఉందండీ. కాలికే లేదు."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమంతా తన కాలిని తనే కనిపెట్టి చూసుకున్నాడు. కూతురు పొయ్యి మీంచి వేణ్ణీళ్ళ గిన్నె దించుతుంటే, కుర్చీలో కూర్చున్న ఆయన కాలు నేలను నొక్కింది. క్షౌరశాలలో పక్క కుర్చీ ఆయన గడ్డం మీద కత్తి పడుతుంటే నొక్కింది. కర్టెన్లకు కొలతలిచ్చిన ఒకావిడ కూలి దగ్గర గీచి గీచి బేరమాడుతోంది, భార్య తన రేటు మీద గట్టిగా నిలబడింది. అప్పుడు కాలు కాదు, గొంతు అడ్డొచ్చింది. ఆయన దగ్గాడు. ఆ దగ్గు వినగానే భార్య గొంతు తగ్గించి, వచ్చిందానికే ఒప్పుకుంది. ఇలా ఎన్నిసార్లు దగ్గి ఉంటాడు తను? కూతురు పై ఊరి కాలేజీ మాట ఎత్తినప్పుడు దగ్గాడు. బావమరిది ఇద్దరం కలిసి కొట్టు పెడదామని అక్కను అడిగినప్పుడూ దగ్గాడు. ఒక్కసారీ ఎవరినీ కాదనలేదు, కసరలేదు. బ్రేకు వేశాడు, అంతే. ఇల్లు కూడా బస్సులాగే గీత పడకుండా ఉంది, ఉన్నచోటే ఉంది. ఇది తట్టేసరికి ఆయనకు సిగ్గేసింది. సిగ్గు కంటే కూడా బాధ వేసింది.

మరుసటి ఆదివారం కారు ఎక్కగానే ఆయన చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ కింద దోపుకున్నాడు.

"ఇదేంటి, భోజనానికి కూర్చున్నట్టు?" అన్నది భార్య.

"ఇవి కింద ఉంటే ఊరుకోవు. నువ్వు పోనీ."

పోనిచ్చింది. మొదట కుదుపులు, తర్వాత కాస్త సాఫీగా, ఆ తర్వాత బాగానే. మైదానం అంచు వెంట ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టులో మలుపు దగ్గర స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పి, నిలిపి ఉన్న బస్సుల వైపు వచ్చింది. మొదట ఉన్నది ఆయన బస్సే. నిన్న సాయంత్రం కడిగి, పొడిగుడ్డతో తుడిచిన బస్సు.

"ముందు బస్సుంది" అన్నాడు.

"కనిపిస్తోంది."

ఇక నోరు మూసుకున్నాడు. మడిచిన కాలు తొడకింద కొట్టుకుంటోంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. హ్యాండ్ బ్రేకు మోచేతికి తగిలేంత దగ్గర్లో ఉంది. చెయ్యి బయటికి తీయలేదు. ఆవిడ బ్రేకు వేసింది. వేయాల్సిన దానికంటే జానెడు ఆలస్యంగా వేసింది. బస్సు వెనక బంపరు దగ్గర కర్రుమంది.

ఇద్దరూ దిగి చూశారు. పసుపు రంగు మీద వేలెడంత గీత. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ బస్సంటే ఆయనకేమిటో ఆవిడకు తెలియనిది కాదు. ఆయన వంగి గీత మీద బొటనవేలితో రాశాడు. పోలేదు. నడుం నిలబెట్టి, కారు వైపు చెయ్యి చూపించాడు.

"ఎక్కు. ఇప్పుడు రివర్సు చెప్తాను."

ఆవిడ ఎక్కింది. స్టీరింగ్ పట్టుకున్నాక కూడా కాసేపు గేరు వేయలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని అప్పుడు వేసింది.

సోమవారం పొద్దున స్కూల్లో బస్సుల సంగతి చూసే మేనేజరు అడగకముందే ఆయనే వెళ్ళి చెప్పాడు, రంగు తనే వేయిస్తానన్నాడు. ఎవరు చేశారని మేనేజరు ఆశ్చర్యపోతే, "నా దగ్గర నేర్చుకుంటున్నావిడ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసినవాళ్ళు, పోగొట్టుకున్నదేదో దొరికిందేమో అనుకుని ఉంటారు.

ఆ సాయంత్రం భార్య దుప్పట్ల పెట్టె తెరిచి డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పుచ్చుకోలేదు. ముందు మిషను కొనుక్కోమన్నాడు, వచ్చే బ్యాచిలో చేరతానన్నాడు. వచ్చే బ్యాచికి ఈ ధైర్యం ఉంటుందో ఉండదో, వేడి మీదున్నప్పుడే కట్టమని ఆవిడ అన్నది. మిషను ఆయన సంపాదనతోనే వస్తుందనీ, అప్పటిదాకా తన మోకాళ్ళు ఎక్కడికీ పారిపోవనీ నవ్వింది. ఇదీ అదీ కాసేపు వాదించుకున్నారు. ఆయన ఒకసారి దగ్గబోయి ఆపుకున్నాడు. ఆవిడ మాటే నెగ్గింది. మర్నాడు ఫీజు కట్టి రసీదు తెచ్చాడు.

తెచ్చాడు గానీ మోకాళ్ళను అలా వదిలేయడానికి మనసొప్పలేదు. సాయంత్రం ఆవిడ పొడుగాటి కర్టెను ఒకటి ముందేసుకోగానే, ముక్కాలిపీట లాక్కుని మిషను పక్కన కూర్చున్నాడు. ఆవిడ కాళ్ళు పక్కకు తీయించి తన కుడికాలు పెడలు మీద పెట్టాడు.

"మీకు చేతకాదు. మధ్యలో ఆపేస్తారు, దారం తెగుతుంది" అన్నది ఆవిడ.

"నువ్వు ఆపమంటేనే ఆపుతాను."

ఆవిడ గుడ్డ సరిచేసి సూది దించింది. పోనివ్వమన్నది. ఆయన తొక్కడం మొదలుపెట్టాడు. సూది కింద గుడ్డ ఎటు పోతోందో ఆయన కూర్చున్న చోటి నుంచి కనబడదు. ఆవిడ వేళ్ళు సూదికి ఎంత దగ్గరగా ఉన్నాయో మాత్రం బాగా కనబడుతోంది. ఆయన కళ్ళు అటునుంచి తిప్పుకోలేదు, కాలు ఆపలేదు. కర్టెను ఈ చివర నుంచి ఆ చివరదాకా కుట్టు ఎక్కడా తెగకుండా సాగింది. అప్పుడు ఆవిడ "ఆపండి" అన్నది. ఆయన ఆపాడు.