ముట్టకు బిడ్డా అన్నందుకు

థైరాయిడ్ క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయ్యాక, మిగిలిన కణాలు పోవడానికి రేడియో అయోడిన్ మందు ఇచ్చి పంపారు. కొన్నాళ్లు ఒంట్లోనూ, ఒంట్లోంచి వచ్చే చెమట, వాంతి, మూత్రంలోనూ రేడియేషన్ ఉంటుందనీ, వేరే గదిలో ఉండాలనీ, పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలనీ చెప్పారు. బాన్సువాడలో మా ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున దీపం పెడదామని లేస్తే బొడ్డు చుట్టూ నొప్పి. మధ్యాహ్నానికి అది కుడివైపుకు దిగింది. నిటారుగా నిలబడలేకపోయాను.

దవాఖాన గేటు దగ్గర మా ఆయన మెల్లగా అన్నారు: "గా రేడియేషన్ ముచ్చట చెప్పకు. కరోనాల మనల్ని ఎవ్వలన్న దగ్గరికి రానిచ్చిన్రా? చెప్తే ముట్టరు."

దేవుణ్ణి తలచుకుంటూ లోపలికి నడిచాను.

స్కానింగ్ చేసి, అపెండిక్స్ బాగా వాచింది, పగలకముందే ఆపరేషన్ చేయాలన్నారు. అంతలోనే వాంతి అయి చీరంతా పాడైంది. మా అత్తమ్మ కూడా వెంట వచ్చింది. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వాళ్ల బట్టలు అత్తమ్మే ఉతుకుతుంది, ఇంకొకరికి వదలదు. "ఇటియ్యి బిడ్డా, చీర మార్చుకో. నల్లకాడ జాడిచ్చుకొస్త" అంది. ఆ నల్లా దగ్గరే అందరూ తాగే నీళ్లు పట్టుకుంటున్నారు.

"నువ్వు కూసో అవ్వా, నేను తుడుస్త" అంటూ ఒక సిస్టర్ నా మీదికి వంగింది. ఆమె నిండు గర్భిణి.

చెప్తే ఆపరేషన్ చేయరేమో. చెప్పకపోతే ఆ చేయి నాకు తగులుతుంది.

"ముట్టకు బిడ్డా" అన్నాను. "నా పెయిల రేడియేషన్ మందున్నది. అత్తమ్మా, ఆ చీర నల్లకాడికి తీస్కవోకు."

మా ఆయన తల దించుకున్నారు. సిస్టర్ వెనక్కి జరిగి డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ హైదరాబాద్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడినంతసేపూ ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. తర్వాత నేరుగా నా మంచం పక్కకే వచ్చి నిలబడ్డారు.

"ఫికర్ చెయ్యకమ్మా. నీ రేడియేషన్‌తోని మాకయ్యేది చాలా తక్కువ. అపెండిక్స్ పగిలితే నీకయ్యేది చాలా ఎక్కువ. ఆపరేషన్ ఆగదు."

ఆ సిస్టర్‌ను వేరే వార్డుకు పంపారు. మిగతావాళ్లు రెండేసి గ్లోవ్స్, తడి అంటని గౌన్లు వేసుకున్నారు. మూత్రానికి క్యాథెటర్ పెట్టారు. నాకు తగిలిన బట్టలు, దూది కవర్లలో కట్టి విడిగా ఉంచారు. నా చీరా అందులోకే పోయింది.

"ఉతకనియ్యకుండ జైల్ల పెట్టిన్రా ఏంది?" అంది అత్తమ్మ.

"మందు పవర్ దిగినంక విడిచిపెడ్తం అవ్వా" అన్నారు డాక్టరమ్మ.

ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, తర్వాత కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం వచ్చింది. ఒక కుట్టు విప్పి రోజూ డ్రెస్సింగ్ చేశారు. ఎవరూ నా దగ్గర ఎక్కువసేపు ఉండకుండా వంతులు వేసుకున్నారు. పని చప్పున ముగించి, ముచ్చట మాత్రం తలుపు దగ్గర నిలబడి పెట్టేవారు. ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు ఆ చేతులను తలచుకుని దండం పెట్టుకుంటాను.

గాయం మానింది. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. తర్వాతి స్కాన్‌లో క్యాన్సర్ ఏమీ కనిపించలేదన్నారు.

ఈ మందు తీసుకున్నవాళ్లకు ఒక్క మాట. వేరే ఏ నొప్పితో దవాఖానకు పోయినా, నొప్పి కంటే ముందు మందు సంగతి చెప్పండి. మొదట ఎదురైన మనిషికే చెప్పండి. మనల్ని కాపాడేవాళ్లను కాపాడే పని మన నోట్లోనే ఉంది.

మొన్న ఆ సిస్టర్ తన పాపను చూపించడానికి మా ఇంటికొచ్చింది. పాత అలవాటుకొద్దీ నేను గడప లోపలే ఆగిపోయాను.

"ఇగ దూరమెందుకు అక్కా, పట్టు" అని పాపను నా చేతుల్లో పెట్టింది.