పోగు తెగనియ్యి అక్కా

మా పక్కింటి సైన్సు టీచరమ్మ మొన్న మంగళవారం నిద్రలోనే కన్నుమూశారు. కబురు తెచ్చిన ఆమె తమ్ముడు "తిప్పల పడలేదు" అన్నాడు. నిజమే. పడితే మాకందరికీ వినపడేది. ఆమె తుమ్మితేనే సిరిసిల్లలో సగం వాడ ఉలిక్కిపడేది.

ఒకే బడిలో నేను లెక్కలు, ఆమె సైన్సు చెప్పాం. చిన్నపిల్లలనైనా చక్కెర ఎంత వేయాలో అడగనిదే చాయ్ ఇచ్చేవారు కాదు. "నోరున్నోళ్లను అడగాలె" అనేవారు. అంత సాగదీత నాకు నచ్చేది కాదు.

సాంచలకు, అంటే మరమగ్గాలకు పని లేక నా కొడుకు దుబాయి పోయాడు. కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. కోడలు మొదట ఏడ్చింది. తరువాత అదీ మానేసి గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నం తింటావా అంటే "మీ ఇష్టం అత్తమ్మా" అనేది.

"ఇంట్ల ఉన్న ఒక్క సాంచ ఆమెకియ్యి" అన్నారు టీచరమ్మ.

"మొగోళ్ల పని. పోగులు తెగితే ఇంకింత పరేషానైతది."

"తెగనియ్యి అక్కా! తెగితే ముడేస్తది, సాంచ మళ్ల నడుస్తది. దుబాయి ఫోను రాకుంటే ఏం ముడేస్తది?" నా మెడ వెనక తట్టారు. "కష్టం ఎంతకూ పోకుంటే మెదడుల గీ లోపలి భాగం చేతులు కట్టేసుకొమ్మంటది. గది పుట్టుకతోనే ఉంటది." తరువాత నా నుదురు తట్టారు. "గిది నేర్సుకోవాలె, నా చెయ్యి పడితే పనైతదని. నేర్సుకున్నదంటే లోపలిదాన్ని నోర్మూసుకొమ్మంటది. వేరే కష్టంల గూడ!"

సరేనని సాంచ కోడలికి అప్పగించాను. కొద్ది రోజులకే సాంచ గది నుంచి కోడలి గొంతు వినపడింది. "మళ్ల తెంపినవా? ఆగు, నీ సంగతి చెప్త!" సాంచను తిట్టే ఆ తిట్టు విని అంత సంతోషపడటం నాకదే మొదలు.

ఒక పొద్దున చీర మార్చుకుని వచ్చింది. "అత్తమ్మా, కోరుట్ల పోతున్న. ఆయనతోని దుబాయి పోయినాయన ఇంటికచ్చిండట. అడిగొస్త."

నేను నోరు తెరిచేలోగా, పక్కన కూర్చుని చాయ్ తాగుతున్న టీచరమ్మ నా మోచేయి గిచ్చారు. "అడగలే అక్కా, చెప్పింది! ఇన్నవా?"

సాయంత్రం ఇద్దరం బస్టాండు దారిలో నిలబడ్డాం. బస్సు మమ్మల్ని దాటుతుండగా కిటికీలోంచి కోడలు సగం బయటికి వంగి అరిచింది. "అత్తమ్మా, మంచిగనే ఉన్నడట! కంపెనీ మారిండట!"

నేను అక్కడే నిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే టీచరమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు చేత పట్టుకుని, ఊడిన చెప్పు రోడ్డు మీదే వదిలేసి, "ఏమన్నవు బిడ్డా, మళ్లొకసారి చెప్పు!" అంటూ బస్సు వెంట ఉరికారు.