తట్ట మోసిన మెడ

పోయిన ఆదివారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు, సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో మా తమ్ముడి చొక్కాకు పై గుండీ పెడుతున్నాను. కాలర్‌లో నా నాలుగు వేళ్లూ దూరాయి. ఒకప్పుడు ఆ మెడను కొలిచిన గోదావరిఖని దర్జీ, నమ్మకం కుదరక టేపు మళ్లీ చుట్టేవాడు.

ఆ మెడను బొగ్గు బాయి పెంచింది. వాడు నెత్తిన తట్టతో బొగ్గు మోసి పట్టాల మీది టబ్బులు నింపేవాడు. నేనూ అదే పని, కాకపోతే పొద్దున్నే కుస్తీ నేర్పే తాలీంకు పోయేవాణ్ణి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి గాని కుస్తీ మీసాలకంటే ముందే వచ్చింది. తల నేలకానించి, ఒళ్లు విల్లులా లేపి, మెడను నాలుగు దిక్కులా తిప్పే కసరత్తు ఒకటుండేది. ఏడిపించేది. తమ్ముడు పెళ్లై ఒక బిడ్డ తండ్రయ్యాక బరిలోకి దిగుతానన్నప్పుడు నేనే వాడికి ఉస్తాదును. అందరిచేతా చేయించిన ఆ కసరత్తు వాడికొక్కడికి మాఫీ చేశాను. "నీ మెడ తట్టకిందనే తయారైంది పోరా" అన్నాను. నాకంటే లావు మెడ మరి, వాడు సంబరపడ్డాడు.

మొదటి కుస్తీలోనే అవతలివాడు ఆ మెడను పక్కకు మెలిపెట్టాడు. ఆనాటి నుంచి వాడికి మెడ కింద ఏదీ కదలదు. ఇన్నేళ్లూ నేను అవతలివాణ్ణి తిట్టుకుంటూ బతికాను.

ఆదివారం తమ్ముడి మనవరాలు టేపు పట్టుకొచ్చి నా మెడ కొలిచింది. కుస్తీ నేర్చుకుంటోంది. ఏ ఆట ఆడినవాళ్ల మెడ ఎంత ఉందో రాసి తెమ్మన్నాడట వాళ్ల కోచ్.

"కుస్తోళ్లది అన్ని దిక్కుల గట్టిపడ్తది పెద్దతాతా. ఉరికెటోళ్లది సన్నగనే ఉంటది. నెత్తిన బరువు మోసెటోళ్లది లావున్నా పక్కకు గుంజితే ఆగదట. మెడ కసరత్తు లేకుండ బరిలకు దింపిన ఉస్తాదుకు బుద్ధి లేనట్టే అంటడు మా సారు."

తమ్ముడి భార్య, మా మరదలు, చాయ్ గిన్నె కింద పెట్టింది. నేను తమ్ముడి మొహం చూడకుండానే అడిగాను.

"నీకు ఎరుకనారా?"

"అప్పుడే దవాఖానల డాక్టరు చెప్పిండు అన్నా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే సిగ్గుకు ఇటు దిక్కు రాకపోదువు. నన్ను లేపి కూసుండబెట్టెటోడు ఎవడు?" అని నవ్వాడు. వాడి నవ్వు మెడ దాటి కిందికి రాదు.

ప్రేమతో చేస్తున్నాననుకున్న చాకిరీ శిక్ష అని వాడికి మొదటినుంచీ తెలుసు. నాకే తెలియదు.

ఆ పొద్దున అక్కడున్నది తమ్ముడు, మరదలు, మనవరాలు, నేను. ఆ పిల్లను పక్కన పెడితే, మా ముగ్గురికీ కాలం ఆ బరి దగ్గరే ఆగింది, ఒళ్లు మాత్రమే ముసలిదైంది.